పైకొచ్చిన లైటు ఎవరిది

మార్చి 31, ఆదివారం

రజాయిలు ఎండలో వేసి అటక మీద సర్దుతుంటే మా ఆయన సుధీంద్ర పాత బూట్ల డబ్బా చేతికి తగిలింది. బూటులో ఒక సాక్సు, సాక్సులో డైవ్ కంప్యూటర్. చూడటానికి పెద్ద చేతి గడియారంలా ఉంటుంది. నీళ్లలో ఎంత లోతుకి వెళ్లారో, ఎంతసేపున్నారో మొత్తం అదే రాసుకుంటుందని, కొన్న రోజు తనే నన్ను కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు.

అది సముద్రంలో పడిపోయిందన్నాడు. పట్టీ తెగిందన్నాడు. అండమాన్ పోలీసులకు అదే చెప్పాడు, చనిపోయిన కేశవరావు భార్య రేవతికి అదే, నాకూ అదే.

పట్టీ తెగలేదు.

మర్చిపోయి ఉంటాడు. స్నేహితుడు పోయిన వేళ ఎవరికేం గుర్తుంటుంది? ఎక్కడిదక్కడ పెట్టేశాను. నాకు అనుమానమేమీ లేదు. ఎప్పుడూ రాయనిదాన్ని, ఆఫీసువాళ్లిచ్చిన డైరీ తీసి ఎందుకు రాస్తున్నానో మాత్రం తెలియడం లేదు.

ఏప్రిల్ 2

మర్చిపోయినవాడు సాక్సులో చుట్టి పెట్టడు.

వరసగా రాసుకుంటే తేటపడుతుందేమో. ఫిబ్రవరి పదిహేడు, చీకటి పడ్డాక, సుధీంద్రా కేశవరావూ కలిసి నీళ్లలోకి దిగారు. ఇద్దరికీ పదేళ్ల అలవాటు కాబట్టి గైడ్ లేడు. కంప్యూటర్ కూడా ఇద్దరికీ ఒక్కటే, సుధీంద్ర చేతికున్నది. నీళ్లు మసకగా ఉన్నాయి. ఇరవై ఐదో నిమిషం దగ్గర కేశవరావు లైటు కనబడకుండా పోయింది. సుధీంద్ర ఒక నిమిషం వెతికి పైకొచ్చాడు. పైన కేశవరావు లేడు. కాసేపు చూసి, అతని కోసం మళ్లీ దిగాడు. గాలి అయిపోవచ్చేదాకా వెతికి వచ్చేశాడు. మర్నాడు పొద్దున కేశవరావు దొరికాడు.

బోటువాడూ అలాగే చెప్పాడు. దూరంగా ఒక లైటు పైకొచ్చిందట, నాలుగైదు నిమిషాలుండి మళ్లీ దిగిందట. ఆ తర్వాత చాలాసేపటికి ఈ సార్ వచ్చారట.

అన్నీ సరిపోతున్నాయి. మరి దాన్ని దాచడం ఎందుకు?

ఏప్రిల్ 6, శనివారం

ఇక్కడే ఢిల్లీలో, ద్వారకలోని ఒక స్కూలు ఈతకొలనులో శని, ఆదివారాలు పొద్దున డైవింగ్ నేర్పుతారు. చేరాను. ఇంట్లో ఈత క్లాసని చెప్పాను. సుధీంద్ర మంచిదే అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

కంప్యూటర్ తీసుకెళ్లి ఎవరికైనా చూపిస్తే రెండు నిమిషాల పని. కానీ ఎవరిదని అడుగుతారు. చదవడం నేనే నేర్చుకుంటాను.

నేర్పే ఆవిడ పేరు ఇంద్రాణి, విశాఖపట్నం మనిషి. నేను కాకినాడ అనగానే తెలుగులోకి వచ్చేసింది. మొదటి పాఠం ఒక్కటే: నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. నేను రోజంతా అదే చేశాను. చివర్లో, రాత్రిపూట మనిషి తప్పిపోతే ఏం చేయాలని అడిగాను. మొదటి రోజే ఆ ప్రశ్నా అన్నట్టు చూసింది.

"మీవాళ్లెవరైనా పోయారా అండీ?"

లేదన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

ఏప్రిల్ 16, మంగళవారం

జనక్‌పురిలో కేశవరావు మాసికం. ఇద్దరం సెలవు పెట్టి వెళ్లాం. రేవతి బాగా చిక్కిపోయింది. సుధీంద్రా కేశవరావూ బేర్ సరాయ్‌లో ఒకే గదిలో ఉండి పరీక్షలకు చదివిన రోజుల నుంచీ ఆమె ఇతన్ని అన్నా అనే పిలుస్తుంది. ఇవాళ అందరి ముందూ దగ్గరకొచ్చి, తనే వడ్డించింది.

"అన్నా, నువ్వు మళ్ల దిగినవ్. సొంత తమ్ముడైనా దిగడు. నాకు గదొక్కటి చాలు."

వడ్డిస్తూనే మొగుణ్ని తిట్టింది. ఆయనకెప్పుడూ పక్కన మనిషి ఉన్నాడన్న ధ్యాస ఉండేది కాదట, తన దారిన తాను పోతూనే ఉంటాడట, నీళ్లలో కూడా అంతే చేసి ఉంటాడట.

నేను సుధీంద్రనే చూస్తూ ఉన్నాను. రేవతి అన్నమాటకు అతని చెయ్యి విస్తట్లో ఆగింది. మళ్లీ కదిలింది. పప్పు బాగుందన్నాడు.

ఏప్రిల్ 17

అటక ఎక్కి చూశాను. ఉంది.

ఏప్రిల్ 20, శనివారం

ఇవాళ ఇంద్రాణి తనే చెప్పింది. చీకట్లోనో, మసకనీళ్లలోనో దిగేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. బడ్డీ అంటారు. ఇద్దరూ చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. టార్చిని గుండ్రంగా తిప్పితే బాగున్నానని, అడ్డంగా గబగబా ఊపితే ఇటు చూడమని. బడ్డీ కనబడకపోతే ముందు మన టార్చిని అరచేత్తో మూయాలి, అప్పుడు అవతలి లైటు తెలుస్తుంది. ఒక చుట్టు తిరిగి, పైనా కిందా చూడాలి. ఒక్క నిమిషం. దొరక్కపోతే నెమ్మదిగా పైకి వచ్చేయాలి.

"ఇంకాసేపు వెతికితే?" అన్నాను.

"అవతలి మనిషి రూల్ ప్రకారం పైకొచ్చేసి ఉంటే? మీరు రాకపోతే ఆయన ఏటనుకుంటాడు? ఇద్దరూ వస్తేనే పైన కలుస్తారండీ. ఒక్కరు రాకపోయినా రెండోవాళ్ల ప్రాణం మీదికొస్తుంది."

పైకొచ్చినవాళ్లు మళ్లీ దిగవచ్చా అని అడిగాను. సగం ఖాళీ అయిన సిలిండరుతో, చీకట్లో, ఒంటరిగా దిగకూడదంది. కాసేపాగి, కానీ దిగుతారు అంది.

అంటే సుధీంద్ర దిగి ఉంటాడు. ఎవరైనా దిగుతారు. అతను పిరికివాడు కాదు. ఈ మాట రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

మే 4, శనివారం

మాస్కు అద్దానికి లోపల నల్ల కాగితం అంటించి దింపారు. నాకూ ఇంద్రాణికీ మణికట్ల మధ్య గజం పొడవు తాడు. తాడు లాగితే ఆగాలి, రెండుసార్లు లాగితే కదలాలి. బాగానే ఉంది. తర్వాత ఆవిడ తాడు విప్పేసింది. అరవై లెక్కపెట్టి పైకి రమ్మని ముందే చెప్పింది.

ఎటు పైనో ఎటు కిందో తెలియలేదు. నా ఊపిరి బుడగలు మాత్రమే వినిపిస్తున్నాయి. అరవై లెక్కపెట్టాను. ఒట్టు, ఒక్క అంకె కూడా వదల్లేదు. పైకొస్తే ఇరవై రెండు సెకన్లన్నారు.

కాబట్టి చీకట్లో మనిషి చెప్పే టైం నమ్మకూడదు. సుధీంద్ర చెప్పినదాంట్లో ఏదైనా తేడా ఉన్నా అది అబద్ధం కాకపోవచ్చు. ఈ మాట రాసుకున్నాక ప్రాణం తేలికపడింది.

మే 9

తేలికేమీ లేదు.

టీవీ చూస్తూ నాకు తెలియకుండానే ముక్కు మూసి గాలి ఊదాను. చెవులు దిబ్బడేస్తే అలా చేయమని నేర్పారు. సుధీంద్ర చూశాడు. అది ఈతగాళ్లు చేసేది కాదు, డైవింగ్ చేసేవాళ్లకుండే అలవాటు. అతనికి తెలియకపోవడమేమిటి?

"చెవి నొప్పా?" అన్నాడు.

జలుబన్నాను. అవునా అన్నాడు. రాత్రి భోజనం దగ్గర నా చేతుల వంక, జుట్టు వంక చూశాడు. నేను అతని వంక చూశాను. మా అమ్మాయి శరణ్య మా ఇద్దరినీ చూసి, "ఝగడా హువా క్యా?" అంది. పోట్లాటేమీ లేదన్నాం, ఇద్దరమూ ఒకేసారి.

మే 10

డబ్బా అటక మీద కుడి పక్కన ఉండేది. ఇవాళ ఎడమ పక్కన ఉంది.

మే 18, శనివారం

కంప్యూటర్ చదవడం నేర్పారు. దిగగానే గీత కిందికి పోతుంది, లోతున్నంతసేపూ కిందే నడుస్తుంది, పైకొస్తే పైన అంచుని తాకుతుంది. నా చేతికి ఒకటి కట్టి, కొలనులో దిగి, పైకొచ్చి, మళ్లీ దిగమన్నారు. తెరమీద చూపించారు. గీత మధ్యలో ఒకసారి పైదాకా వచ్చి, మళ్లీ కిందికి దిగింది. చిన్నపిల్లలు గీసే కొండలా ఉంది.

ఎంత కొద్దిసేపు పైన ఉన్నా ఆ కొండ పడుతుందా అని అడిగాను. పడుతుందంది ఇంద్రాణి. తప్పించుకోలేరంది. ఆ మాట ఎందుకన్నదో! ఈవిడకి ఏమైనా తెలుసా?

మే 20, సోమవారం

ఇంటి నుంచి పని అని చెప్పి ఉండిపోయాను. సుధీంద్ర ఆఫీసుకి, శరణ్య స్కూలుకి వెళ్లాక అటక ఎక్కాను.

బ్యాటరీ నిండుగా ఉంది. మూడు నెలలు సాక్సులో పడున్న దానికి బ్యాటరీ నిండుగా ఎలా ఉంటుంది? తీసి చూస్తున్నాడన్నమాట. ఛార్జింగ్ పెట్టి మరీ చూస్తున్నాడు.

చివరి డైవ్. ఫిబ్రవరి 17, సాయంత్రం 6:12, అండమాన్‌లో అప్పటికే చీకటి. నలభై ఆరు నిమిషాలు.

కొండ లేదు. గీత కిందికి వెళ్లింది, నలభై నిమిషాల పైన కిందే ఉంది, చివర్లో ఒక్కసారి పైకొచ్చింది.

మూడుసార్లు చూశాను. అతను మధ్యలో పైకి రాలేదు. వస్తేనే కదా మళ్లీ దిగడం.

మే 21

మరి బోటువాడు చూసిన లైటు ఎవరిది?

రాయను.

మే 22

నీళ్లలో ఉన్నది ఇద్దరే.

మే 26, ఆదివారం

నలభై ఆరు డిగ్రీలు. శరణ్య ట్యూషన్‌కి వెళ్లింది. సుధీంద్ర బాల్కనీలో కూలర్ గడ్డి మారుస్తున్నాడు. కంప్యూటర్ తెచ్చి అతని పక్కన స్టూలు మీద పెట్టాను. చేతికంటిన గడ్డి దులుపుకున్నాడు.

"చదివేది యాడ నేర్చుకున్నావు?"

"ద్వారకలో. మీరు ఎన్నిసార్లు పైకొచ్చారు?"

"ఒక్కసారే. కడాకు."

"మధ్యలో వచ్చింది కేశవరావు గారేనా?"

తల ఊపాడు. తర్వాత కూలర్ పక్కన నేలమీదే కూర్చుని చెప్పాడు. నేనేమీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ రాత్రి ఒక ఆక్టోపస్ కనబడిందట. ఫోటో తీద్దామని దాని వెంటబడి, రాతిగుట్ట చుట్టూ అవతలికి పోయాడట. కేశవరావుకి సైగ చేయలేదు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాడట. తల తిప్పేసరికి వెనక లైటు లేదు. ఫోటోల మీద టైం ఉంది, మొదటి ఫోటోకీ చివరి ఫోటోకీ మధ్య తొమ్మిది నిమిషాలు.

అప్పటికైనా పైకి రావలసింది. రాలేదు. రూల్ తెలుసు. కానీ కేశవరావు కింద ఎక్కడో ఇరుక్కుపోయాడేమోనని, తను పైకెళ్లిపోతే వదిలేసినట్టవుతుందని, అక్కడే తిరిగాడట. అటు కేశవరావు నిమిషం వెతికి పైకొచ్చాడు, నాలుగైదు నిమిషాలు ఎదురు చూశాడు, ఇతను ఎంతకీ రాకపోయేసరికి ఇతని కోసం మళ్లీ దిగాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కింద వెతుక్కున్నారు.

"నేను బోటు ఎక్కుతానే బోటువాడే అడిగినాడు, 'సార్, మళ్లీ దిగి వెతికినా దొరకలేదా' అని. ఆ లైటు నాదనుకున్నాడు. నేను తల ఊపినా. అంతే, హారికా. నోటితో ఏం చెప్పలే. తెల్లారేటప్పటికి అది కాగితం మీద ఉండింది. సంతకం పెట్టినా."

ఢిల్లీ వచ్చాక రేవతికి నిజం చెబుదామనే అనుకున్నాడట. ఎయిర్‌పోర్టులోనే ఆమె ఇతని చేతులు పట్టుకుని, మళ్ల దిగినవంట గదన్నా, అందట. ఇక నోరు రాలేదన్నాడు.

"దీన్ని ఎందుకు పారేయలేదు?"

"పారేయబుద్ధి కాలే."

గాలిదుమ్ము లేచింది. లేచి కిటికీలు మూశాను. ఏడవలేదు. అతను మనిషిని వదిలేసి వచ్చేశాడని ఇన్నాళ్లూ భయపడ్డాను. వదిలేయలేదు. అది మేలా, ఇది మేలా, ఇప్పుడు తెలియడం లేదు.

మే 27

చెబితే రేవతికి ఏమొస్తుంది? మనిషి తిరిగొస్తాడా? కేసు మూసేశారు. శరణ్య వచ్చే ఏడాది పదో తరగతి. సుధీంద్ర ఉద్యోగం సెంట్రల్ గవర్నమెంటు, తప్పుడు వాంగ్మూలమంటే ఏమవుతుందో. నెమ్మది మీద చెప్పవచ్చు. సంవత్సరీకం అయ్యాక.

మే 29

రేవతి ఫోన్ చేసింది. కేశవరావు బట్టలు ఎవరికో ఇచ్చేసిందట. అవి తీస్తుంటే కోపం ఆగలేదట.

"నీకొక మాట చెప్పాలె హారికా. మా ఆయన తన పాణం తీసుకున్నది చాలక మీ ఆయన పాణం మీదికి కూడా తెచ్చిండు. అన్న మళ్ల దిగినంక ఏమన్నా అయితే నీకు నేనేం జవాబు చెప్పుదును? ఆయన తరఫున నేనడుగుతున్న, మనసుల పెట్టుకోకు."

పర్వాలేదన్నాను.

నేను ఆమెతో పర్వాలేదన్నాను.

జూన్ 1, శనివారం

క్లాసు మానేద్దామనుకున్నాను. కాళ్లు తీసుకెళ్లాయి.

ఇవాళ చివరి పరీక్ష. నల్ల మాస్కుతోనే, బడ్డీ తప్పిపోయినట్టు. నిమిషం వెతకాలి, పైకి రావాలి, పైన ఆగాలి. ఎంతసేపైనా దిగకూడదు, మాస్కు తీయకూడదు. ఈసారి అరవైకి అరవై లెక్కపెట్టి పైకొచ్చాను. నీళ్ల మీద తేలుతూ ఆగాను. ఇంద్రాణి రాలేదు. పిలిచాను. పలకలేదు. ఇది క్లాసని తెలుసు. కింద ఆవిడ పక్కన మరో టీచరున్నారని తెలుసు. కొలను లోతు నాలుగు మీటర్లని తెలుసు. అయినా ఆ నల్లటి కాగితం వెనక నాకు వేరే ఆలోచన రాలేదు. మనిషి కింద ఉంది, నేను పైన ఉన్నాను, అంతే.

దిగిపోయాను.

ఇంద్రాణి భుజాలు పట్టుకుని పైకి తెచ్చింది. ఫెయిల్ అంది. వచ్చే వారం మళ్లీ చేయాలంది. గట్టు మీద కూర్చున్నాక, ఎవరి కోసం నేర్చుకుంటున్నారో ఇప్పుడైనా చెప్తారా అని అడిగింది. ఈ మనిషిని కూడా ఇన్నాళ్లూ అనుమానించాను. మొత్తం చెప్పాను. ఆవిడ నా మాస్కులోంచి నల్ల కాగితం ఊడదీసింది.

"పోయినాయన తప్పేమీ చెయ్యలేదండీ, చివర్లో దిగడం తప్ప. అది వాళ్లావిడకి తెలియాలి కదా?"

ఇంటికొచ్చి సుధీంద్రతో చెప్పాను, వచ్చే ఆదివారం జనక్‌పురి వెళ్తున్నామని. నువ్వు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. పదహారేళ్లుగా మీరు అంటున్నాను. ఈ ఒక్కసారి అలా వచ్చేసింది.

జూన్ 9, ఆదివారం

రేవతి టీ పెట్టబోయింది. వద్దన్నాం. సుధీంద్ర కంప్యూటర్ తీసి టేబుల్ మీద పెట్టి చెప్పాడు. దారంతా గొంతులో మాటలు పేర్చుకుంటూ వచ్చాడు కానీ, అక్కడ అవేమీ రాలేదు. ఆక్టోపస్ దగ్గర మొదలుపెట్టి తల ఊపడం దాకా, పొట్టి పొట్టి మాటల్లో చెప్పాడు. నేను గీత చూపించాను. కొండ ఉండాల్సిన చోటు వేలుపెట్టి చూపించాను.

రేవతి ఆ గీత మీద వేలితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రాసింది.

"అయితే పైకొచ్చింది మా ఆయననా?"

"అవును," అన్నాడు సుధీంద్ర.

"వచ్చి, ఆగి, నీకోసం మళ్ల దిగిండు."

"అవును."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన శబ్దం వచ్చింది, ఎంతసేపటికీ కట్టేయలేదు. వచ్చేసరికి ముఖం తడిగా ఉంది. కూర్చోలేదు.

"నాలుగు నెలల సంది ఆ మనిషిని తిడుతున్న. పొద్దున లేస్తే తిట్టుడు, పండుకుంటే తిట్టుడు. నా బిడ్డ ముంగట తిట్టిన, మీ నాయినకు బాధ్యత లేదని చెప్పిన. మీరు నా ఇంట్ల కూసొని అన్నం తింటా విన్నరు."

అన్నా అనలేదు. మీరు అంది. సుధీంద్ర తల దించుకున్నాడు. తప్పయిందన్నాడు.

"నాకు చెప్తే అయిపోయిందా? కాగితం మీద ఏం రాసినరో అది మార్చుండ్రి. మీ చేత్తోనే. అదైనంక హారిక తీస్కరావాలె. మీరొద్దు."

బయటికొచ్చి మెట్రోలో ఇంటికి బయల్దేరాం. మునిర్కాలో దిగాక, పోర్ట్ బ్లెయిర్‌కి టికెట్ చూడమన్నాడు. ఒక్కడికే.

జూన్ 15

పరీక్ష మళ్లీ రాశాను, అంటే నీళ్లలో. పైన ఆగాను. దిగలేదు. ఇంద్రాణి ఎంతకీ రాకపోయినా ఆగాను. పాసయ్యానంది. ఏమీ సంతోషం లేదు.

జూన్ 27

సుధీంద్ర వచ్చాడు. చెప్పాల్సింది చెప్పి, కంప్యూటర్ అక్కడే ఇచ్చి వచ్చాడట. ఫోటోలు కూడా. కేసు తిరిగి తెరుస్తారో లేదో చెప్పలేదట. ఆఫీసులోనూ జరిగిందంతా తనే రాసిచ్చాడు. ఏమవుతుందో తెలియదు.

నిజంగా ఇచ్చాడా అని ఒక్క క్షణం అనిపించింది. నేను అడగకుండానే అతను కొత్త వాంగ్మూలం నకలు తీసి నా చేతిలో పెట్టాడు. పోలీసు ముద్ర ఉంది. ముద్ర చూసింది నేనే, సిగ్గుపడింది కూడా నేనే.

జూలై 14, ఆదివారం

వాన. ఒక్కదాన్నే జనక్‌పురి వెళ్లాను. వాంగ్మూలం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పమంది రేవతి. కూతురు సాత్వికని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల ఇంగ్లీషు తనే చదవగలదు, అయినా తల్లి తెలుగులోనే వినమంది.

చదివాను. "కేశవరావు నిబంధన ప్రకారం పైకి వచ్చాడు. నేను రాలేదు. అతను నా కోసం ఎదురుచూసి, నా కోసం మళ్లీ దిగాడు. ఇంతకుముందు నేను చేశానని రాయించినది అతను చేసినది."

మళ్లీ చదవమంది. చదివాను. మూడోసారి సాత్విక కాగితం తీసుకుని తను చదివింది, పైకి కాదు. పెదవులు మాత్రం కదిలాయి.

వచ్చేటప్పుడు రేవతి గుమ్మం దాకా వచ్చింది. గొడుగు ఇచ్చింది.

"నువ్వు వస్తుండు హారికా. మీ ఆయనను మాత్రం నేను మాఫ్ చెయ్య. ఈ జన్మల చెయ్య. గది ఆయనకు చెప్పు."

ఇంటికొచ్చేసరికి సుధీంద్ర తలుపు తీసి నిలబడి ఉన్నాడు. ఏమందని అడగలేదు. అడిగే ధైర్యం లేదో, అడిగితే నేను సగం దాచి చెబుతాననుకున్నాడో. గొడుగు మూసి, చెప్పులు విప్పి, అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. ఆమె అన్నది అన్నట్టు, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా.